గోపన్‌పల్లి కంచ, జమైకా ముంగిస



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా జంతుశాస్త్రం చెప్పారు కాబట్టి ఈ ఉపన్యాసంలో పులి వస్తుందని మీరు ఎదురుచూస్తూ ఉండొచ్చు. పులి ముచ్చట ఇక్కడే ముగిస్తాను. జాతీయ పులుల లెక్కలో తెలంగాణ వాటా 2018లో 26, 2022లో 21. ఎందుకు తగ్గాయని నిలదీయడానికి పత్రికలున్నాయి, జవాబు చెప్పడానికి అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో అధికారులున్నారు. నేను మాట్లాడదలచుకున్నది అడిగే దిక్కులేని క్షీరదాల గురించి. హైదరాబాద్ గోపన్‌పల్లిలో, విప్రో సర్కిల్‌కీ సెంట్రల్ యూనివర్సిటీ గోడకీ మధ్య, మన ఇళ్ల వెనకే బతుకుతున్న వాటి గురించి. అయితే అక్కడికి చేరే ముందు కొంచెంసేపు జమైకాలో ఆగాలి. ఓపిక పట్టండి, దూరమే కానీ దారి తప్పలేదు.

జమైకా కరీబియన్ సముద్రంలో ఒక దీవి, విస్తీర్ణంలో మన పాత మెదక్ జిల్లా కంటే కొంచెం పెద్దది. నేల మీద నడిచే సొంత క్షీరదం అక్కడ ఒక్కటే మిగిలింది. దాని పేరు హూటియా, ఊళ్లో వాళ్లు కోనీ అంటారు. రాళ్ల సందుల్లో పగలంతా దాక్కుని రాత్రి బయటికొచ్చే, తోక పొట్టిగా ఉండే పెద్ద ఎలుక లాంటి జీవి. అది కూడా ప్రమాదపు జాబితాలోనే ఉంది. మిగిలిన సొంత నేల క్షీరదాలన్నీ గబ్బిలాలే, మొత్తం 21 జాతులు. ఆ సముద్రంలో ఒకప్పుడు ఉన్న కరీబియన్ సీల్ చివరిసారి కనబడింది 1952లో. 2008లో అది అంతరించిపోయిందని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

1872లో విలియం బాంక్రాఫ్ట్ ఎస్పూట్ అనే చెరుకు తోటల యజమాని కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెప్పించాడు. నాలుగు మగవి, అయిదు ఆడవి. మన వీధుల్లో తిరిగే బూడిదరంగు ముంగిసకు అవి దగ్గరి చుట్టాలు, ఆకారంలో చిన్నవి. చెరుకును కొరికేస్తున్న ఎలుకలను పట్టేస్తాయని అతని ఆశ. మొదట్లో ఎలుకలు తగ్గాయి కూడా. పదేళ్లకు ఎస్పూట్ లండన్ జంతుశాస్త్ర సంఘం పత్రికలో తనకు ఎంత కలిసొచ్చిందో రాసుకున్నాడు. పక్క దీవుల తోటల వాళ్లూ ఎగబడ్డారు. ప్యూర్టోరికోకు, బార్బడోస్‌కు, 1883లో హవాయికి కూడా ఆ సంతానం వెళ్లింది.

ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. రెండింటి దారులూ కలిసేది తక్కువ. పైగా ఎలుకలు చెట్లెక్కడం మరిగాయి. ముంగిసకు ఆకలి తీరాలి కదా, నేల మీద గూడు కట్టే పక్షులనూ బల్లులనూ పాములనూ కోళ్లనూ పట్టింది. జమైకాకే సొంతమైన వరి ఎలుక అనే జాతి 1870ల తర్వాత ఎవరికీ చిక్కలేదు. ఓడల్లో దిగిన ఎలుకలకూ పిల్లులకూ ఆ నాశనంలో వాటా ఉంది, ముంగిసకూ ఉంది. ఇవాళ ప్రపంచంలోని వంద చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో మన చిన్న ముంగిస పేరు చేరింది.

అదే ముంగిస జాతి ఇక్కడ బాధితురాలు. చిత్రకారుల కుంచెల కోసం దాని వెంట్రుకలు పీకుతారు, అంటే చంపి పీకుతారు. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ దేశమంతటా దాడులు చేసి అలాంటి కుంచెలను పట్టుకుంది. అక్కడ హంతకి, ఇక్కడ హతురాలు. జంతువు మారలేదు, చోటు మారింది. మన చుక్కల జింక సంగతీ అంతే. తెలంగాణ రాష్ట్ర జంతువుగా మనం గౌరవించే ఆ జింకను బ్రిటిష్ వాళ్లు అండమాన్‌లో వదిలితే, వేటాడే మృగం లేని ఆ దీవుల్లో అది మొలకలన్నీ మేసి అడవికే బెడదైంది. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఏ జంతువుకు ముప్పు ఎంత అనేది జాతి పేరు చూసి చెప్పలేం, అది నిలబడ్డ నేల చూసి చెప్పాలి.

ఇప్పుడు గోపన్‌పల్లికి వద్దాం. ఇక్కడి కంచలో, అంటే ఈ పొదల బీడులో, బండల మధ్య, పరికి, బలుసు, సీతాఫలం, మోదుగ పొదల్లో ఉండే క్షీరదాల పేర్లు అంతర్జాతీయ ఎర్ర జాబితాలో వెతికి చూడండి. చుక్కల జింకకు ఆందోళన అక్కర్లేదంటుంది. అడవి పందికి, ముళ్లపందికి, కుందేలుకు, బూడిద ముంగిసకు అన్నిటికీ అదే మాట. జాబితా అబద్ధం చెప్పడం లేదు. అది లెక్కగట్టేది దేశాల పొడవునా ఉన్న జాతిని. మన యూనివర్సిటీ గోడ లోపల మిగిలిన నలభై జింకలనో, నాలుగొందల జింకలనో కాదు. ఆస్పత్రి లేని ఊళ్లో రోగికి రాష్ట్ర సగటు ఆయుర్దాయం చదివి వినిపించినట్టుంటుంది మరి.

ఆ గోడ దగ్గరికి ఒకసారి వెళ్లి చూడమని పిల్లలకు చెబుతున్నాను. పైన ముళ్లకంచె, కింద వాననీళ్లు పోవడానికి అక్కడక్కడా వదిలిన తూములు. ఒక తూము ముందు వంగి చూస్తే తడి మట్టిలో చిన్న చిన్న పంజాల గుర్తులు కనబడతాయి, ఒక్కోసారి అంచు సిమెంటుకు బూడిద వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. ముంగిస దూరుతుంది, కుందేలు దూరుతుంది, ముళ్లపంది కూడా ముళ్లు అణుచుకుని ఎలాగో దూరుతుంది. అడవి పంది మట్టి తవ్వుకుని దారి చేసుకుంటుంది. జింక దూరలేదు. ఈ కంచలో ఎవరు దీవిలో ఉన్నారో, ఎవరు లేరో ఆ తూము వెడల్పు తేల్చేస్తుంది.

హైదరాబాద్ చుట్టూ ఇలాంటి దీవులు చాలానే ఉన్నాయి. చిల్కూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి 1994లో జాతీయ పార్కులయ్యాయి, బంజారాహిల్స్ కేబీఆర్ పార్కు 1998లో అయింది. హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. కానీ ఒకచోటి జింక మరోచోటికి వెళ్లే దారి లేదు. మధ్యలో కాలనీలు, వాటిని చుట్టి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. తరాల తరబడి ఆ కొద్ది మందలోనే సంతానం కనాలి, ఒక్క జబ్బు సోకితే అందరికీ సోకాలి. చిరుత ఒక్కటే ఈ హద్దులను లెక్కచేయలేదు. 2020 లాక్‌డౌన్‌లో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర నడిరోడ్డు మీద కూర్చుంది. 2024లో శంషాబాద్ విమానాశ్రయంలోకి ఒకటి వచ్చింది, దాన్ని బోనులో పట్టి నల్లమలకు తరలించారు. ప్రపంచ జాబితాలో చిరుత ముప్పున్న జాతి. మన దగ్గర మాత్రం కనబడిన రోజు బ్రేకింగ్ న్యూస్, మర్నాటి నుంచి మరుపు.

ఈ నేలను మనం పోగొట్టుకుంటున్న తీరు గురించి ఇంకొంచెం చెప్పాలి. దేశంలోని బంజరు భూములన్నిటికీ 2000లో ఒక అట్లాస్ వచ్చింది. ఉపగ్రహ చిత్రాలు చూసి దాన్ని తయారు చేసింది మన బాలానగర్‌లోని దూర సంవేదన సంస్థే. పొదలున్న నేల అందులో బంజరు కింద ఒక పద్దు. శాస్త్రవేత్తలు వాళ్ల పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. కానీ తోడేలు, గుంటనక్క, కుందేలు, కృష్ణజింక బతికేది సరిగ్గా అలాంటి చోటే. పెద్ద చెట్లుంటే అడవి, పంటుంటే పొలం, రెండూ లేకపోతే ఖాళీ స్థలం అనే లెక్క రెవెన్యూ కాగితాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఐటీ వచ్చాక ఆ ఖాళీకి గజాల్లో ధర పలికింది.

యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కథ మీకు నేను చెప్పక్కర్లేదు, మీ డాబాల మీది నుంచి చూశారు. 2004లో ఒక క్రీడా సంస్థకు ఇవ్వడం, 2006లో రద్దు చేయడం, ఏళ్ల తరబడి కోర్టులు, 2024లో ప్రభుత్వం వైపు తీర్పు. 2025 మార్చి 30న ఉగాది సెలవుల్లో యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. అప్పటికే దాదాపు వంద ఎకరాలు చదునైంది. తర్వాత ఆ వంద ఎకరాలను పునరుద్ధరించే ప్రణాళిక తెమ్మని కోర్టు అడిగింది. యూనివర్సిటీదా ప్రభుత్వానిదా అన్న వాదన జోరుగా సాగింది. అక్కడ జింక ఉందా లేదా అన్నది కూడా వాదనే అయింది. ఏఐతో తయారుచేసిన దొంగ ఫొటోలు తిరిగాయి, వాటిని పట్టుకుని అసలు జింకలే లేవన్న వాళ్లూ ఉన్నారు. ఆ ఏప్రిల్‌లోనే ఒక జింక ఇదే గోపన్‌పల్లిలో ఒకరింట్లోకి పరిగెత్తుకొచ్చింది. క్యాంపస్‌లో మరో జింకను కుక్కలు కరిచి చంపాయి.

కుక్కలు. నాకు ఇష్టంలేని భాగం ఇదే, ఎందుకంటే ఈ హాల్లో సగం మంది వీధికుక్కకు అన్నం పెట్టేవాళ్లే, నేనూ పెట్టినవాణ్నే. కానీ జమైకాలో ముంగిస ఏమిటో గోపన్‌పల్లి గోడ లోపల గుంపుకట్టిన కుక్క అదే. 2017లో భారతీయ పరిశోధకులు దేశంలో కుక్కలు దాడిచేసిన వన్యప్రాణుల వివరాలు సేకరిస్తే 80 జాతులు తేలాయి. వాటిలో 31 ప్రమాదపు జాబితాలో ఉన్నవి. చిరుతలాగా కుక్క ఆకలికి వేటాడదు. కడుపు నింపేది మన చెత్తకుప్ప, కాబట్టి జింకలు తగ్గినా కుక్కలు తగ్గవు. మామూలు వేటమృగానికి వేట తగ్గితే సంఖ్య తగ్గుతుంది, ఇక్కడ ఆ పగ్గం తెగిపోయింది.

కోతుల విషయం క్లుప్తంగా. నెత్తిన నడిమి పాపిట తీసినట్టు జుట్టు, పొడవాటి తోక ఉండేది మన దక్షిణాది కోతి. పొట్టి తోకతో ఉండేది ఉత్తరాది కోతి, అది ఏటికేడు దక్షిణానికి జరుగుతూ మనదాన్ని తోసేస్తోంది. దక్షిణాది కోతి ఇప్పుడు ఎర్ర జాబితాలో ముప్పున్న జాతి. కోతుల బెడద అని అర్జీ పెట్టేటప్పుడు ఏ కోతి అని ఎవరూ అడగరు.

గబ్బిలాల దగ్గర మాత్రం ఆగాలి. కోలార్ జిల్లాలో, తెలుగు వినబడే ఊళ్ల మధ్య హనుమనహళ్లి అనే చోట ఒక గుహ ఉంది. కోలార్ ఆకుముక్కు గబ్బిలం ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క గుహలోనే ఉంది, రెండు వందలకు మించి ఉండవు. అది అత్యంత ప్రమాదంలో ఉందని లోకానికి చాటింది మన ఉస్మానియా వాళ్లే, భార్గవి శ్రీనివాసులు, సి. శ్రీనివాసులు. చుట్టూ గ్రానైటు కోసం బండలు పేల్చారు. జమైకాలో సెయింట్ క్లెయిర్ గుహ ఉంది. ఒక రకం గబ్బిలం ప్రపంచంలో అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు, సాయంత్రం బయటికొచ్చే వాటిని గుహ నోటి దగ్గరే కాచుకుని పిల్లులు పట్టుకుంటాయి. రెండు దేశాలు, రెండు గుహలు, ఒకటే తరగతి ప్రమాదం. గోపన్‌పల్లి బండల వయసు 250 కోట్ల ఏళ్లు. వాటి పగుళ్లలో ఏమేం ఉంటున్నాయో చూడకుండా కంకర చేయడం తెలివైన పని కాదు.

చేయగలిగింది ఉందా? ఉంది. 1979లో పాములను పట్టడానికని జపాన్‌లోని అమామి దీవిలో ముంగిసలను వదిలారు, వాటిని పూర్తిగా తొలగించామని 2024లో ప్రకటించుకోగలిగారు. జమైకాలో అంతరించిందనుకున్న ఉడుము లాంటి ఇగ్వానా 1990లో ఒక పందుల వేటగాడి కుక్కకు చిక్కితే, అది గుడ్లు పెట్టే కాస్త నేల చుట్టూ ముంగిసలకు బోనులు పెట్టి, పిల్లలను కింగ్‌స్టన్ జూలో పెంచి వదులుతున్నారు. దేశమంతా శుభ్రం చేయక్కర్లేదు, గుండెకాయ లాంటి చోటు కాపాడుకుంటే చాలని దానివల్ల తెలిసింది. మన అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల ఉంది. 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక పిల్లను పుట్టించింది వాళ్లే. జూతో కలిసి మూషిక జింకలను పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలిన అనుభవమూ ఉంది. జింకల పెంటికలు నాలుగు తెస్తే వాటి చుట్టరికం చెప్పగల శాస్త్రం ఇంత దగ్గర్లో ఉండగా, ఈ కంచలో ఎన్ని జింకలున్నాయన్న దానిమీద కోర్టులో ఫొటోలు చూపించుకోవడం సిగ్గుచేటు. యూనివర్సిటీ, అటవీశాఖ, మన కాలనీ సంఘాలు కలిసి ఏడాదికోసారి లెక్క తీయాలి. గోడ కట్టేటప్పుడు తూములు ఒకట్రెండు చోట్ల జింక దూరేంత పెద్దవి చేసి, అవతల ఇంకా కంచ మిగిలిన చోటికే తెరవాలి, రోడ్డు మీదికి కాదు. కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు గోడ పొడవునా ఉన్న బస్తీల్లో ముందు పూర్తి చేయాలి.

ఈ సభ అయ్యాక భోజనాలున్నాయని నిర్వాహకులు చెప్పారు. మిగిలిన అన్నమూ ఎముకలూ గోడ పక్కన కుప్పపోయకుండా మూతున్న డ్రమ్ముల్లో వేయించి, ఈ రాత్రే చెత్త బండికి ఎక్కించమని వంటవాళ్లతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. డ్రమ్ములు హాలు వెనక గేటు దగ్గర పెట్టారు.