ఆడపిల్లకు ‘జంగో’ అని పేరు పెడదామనుకుంటే

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ మనం ఒక్క పేరు గురించి మాట్లాడుకుందాం.

జంగుబాయి అనే పేరు మన గోండు గూడేల్లో కొత్త కాదు. మన అవ్వల తరంలో ఆ పేరు బాగా వినిపించేది. ‘బాయి’ తీసేసి ‘జంగో’ అని మాత్రమే ఆడపిల్లకు పెట్టడం అరుదు. ఇప్పుడు చదువుకున్న మన యువ జంటలు కొందరు ఆ పేరే అడుగుతున్నారు. పొట్టిగా ఉంది, మనదిగా ఉంది అంటున్నారు. మాకు సంతోషమే.

పేరు వెనక ఉన్నది చిన్న విషయం కాదు. మన పెద్దలు చెప్పే కథలో దిక్కులేని పిల్లలను చేరదీసి పెంచిన తల్లి జంగో రాయితాడ్. గుహలో చిక్కుకున్న ఆ పిల్లలకు విడుదల దొరికాక, గోత్రాలు ఏర్పరచి దారి చూపినవాడు పహాండి కుపార్ లింగో. ఒక్కో చోట కథ ఒక్కోలా చెబుతారు, దాని మీద తగవు పడొద్దు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న జంగుబాయి గుహకు పుష్య మాసంలో రెండు రాష్ట్రాల వాళ్లమూ వెళ్తాం. సరిహద్దు గీత తర్వాత వచ్చింది. తల్లి ముందు నుంచే ఉంది.

ఇక పలుకు సంగతి. ఇక్కడే చిక్కు. తెలుగులో ‘జ’ అక్షరం ఒకటే, పలుకులు రెండు. ‘జొన్న’ అన్నప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుంది, ‘జీవితం’ అన్నప్పుడు అంగిలికి తగులుతుంది. కాగితం మీద ఆ తేడా కనబడదు. కాబట్టి మీ ఇంట్లో అవ్వ ఎలా పిలుస్తుందో అదే ప్రమాణం. ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేసి పెట్టుకోండి. చివరి ‘ఓ’ మాత్రం దీర్ఘమే, దాన్ని ‘జంగు’ అని కురచ చేయనివ్వకండి. ఇంగ్లిషులో జే తర్వాత ఏ రాస్తే బయటివాళ్లు ‘జాంగో’ అని సాగదీస్తారు, యు రాస్తే ‘జంగో’ అని పలికే అవకాశం ఎక్కువ. ఏది రాసినా అన్నిచోట్లా అదే రాయండి.

కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు ‘జంగమ్మ అని రాసేదా?’ అంటారు. జంగమ్మ మంచి పేరే, కానీ అది వేరే పేరు. ‘కాదు సార్, జంగో’ అని రెండోసారీ చెప్పాలి. మన భీం ఇంటిపేరే చూడండి: కుమ్రం, కుమురం, కొమరం, కొమురం! అంత పెద్ద వీరుడికే ఇన్ని రాతలుంటే మన పసిబిడ్డ సంగతేమిటి?

తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. పేరు లేకుండా కూడా జననం నమోదు అవుతుంది. 12 నెలల్లోగా పేరు చేర్పిస్తే రుసుం ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుం కట్టి చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, ఆధార్‌కైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో తప్పు పడితే పిల్ల పెద్దయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది తనే. పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవండి.

2011 జనగణనలో గోండి మాతృభాష అని చెప్పినవాళ్లం 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో మన భాష లేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి మాత్రం 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ‘జంగో’ అని మన లిపిలోనే టైపు చేయవచ్చు. జనన పత్రంలో ఆ లిపి ఉండదు గానీ ఉయ్యాల మీద, ఆహ్వానపత్రిక మీద రాసుకోవడానికి అడ్డేముంది?

భోజనాలకు ఇంకా సమయం ఉంది. గుంజాల లిపిలో తమ పేరు రాసి చూసుకోవాలనుకునేవాళ్లు కాగితం, పెన్ను తీసుకుని ముందు వరుసలోకి రండి.