హాబ్సను గుఱ్ఱము, అడకత్తెరలో పోకచెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఆంగ్లమున "హాబ్సన్స్ ఛాయిస్" అను పలుకుబడి యొకటి కలదు. దీనిని కఠినమైన నిర్ణయమను అర్థమున వ్రాయువారు పెక్కుమంది. అది సరికాదు. థామస్ హాబ్సన్ (1544–1631) కేంబ్రిడ్జి పట్టణమున గుఱ్ఱములను అద్దెకిచ్చెడివాడు. అందఱును మంచి గుఱ్ఱములనే కోరినచో అవి అలసి చెడునని తలచి, ఆయన యొక నియమము పెట్టెను. వాకిలికి దగ్గఱనున్న గుఱ్ఱమునే తీసికొనవలెను, లేదా నడచిపోవలెను. శాలనిండ గుఱ్ఱములున్నను వచ్చినవానికి దక్కునది యొక్కటే. పేరునకు ఎంపిక, నిజమునకు నిర్బంధము అని దాని యర్థము.

రెండు దారులును కీడే యైనపుడు ఆంగ్లేయులు "డైలమా కొమ్ములు" అందురు. డైలమా గ్రీకు తర్కమునుండి వచ్చిన మాట. ఎద్దున కెదురుపడినవాడు ఒక కొమ్మును తప్పించుకొన్నను రెండవది తగులునట్లు, ఏ పక్షమును ఒప్పుకొన్నను చిక్కే.

ఈ భేదములు మన పెద్దలకును తెలిసినవే. ఎటు కదలినను ఆపదయైనచో "ముందు నుయ్యి వెనుక గొయ్యి". ఇద్దఱిలో ఒకరిని మెప్పించిన రెండవవారు అలుగునట్లైనచో "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం". ఇరువైపుల ఒత్తిడికి నడుమ నలుగువాడు "అడకత్తెరలో పోకచెక్క". రెండు ధర్మములు పరస్పరము అడ్డుపడిన ధర్మసంకటము. 1868లో కెప్టెన్ కార్ అను ఆంగ్లేయుడు మన సామెతలను కూర్చి, ఆంగ్లమున వివరించి ప్రకటించెను. పరాయివాడు మన పలుకుబడుల అర్థమును అంత శ్రద్ధతో విచారించెను గదా! వారి పలుకుబడిని వాడునపుడు మనకును ఆ శ్రద్ధ తగును.

మన కదిరి ప్రాంతపు వేరుసెనగ రైతును తలచుకొనుడు. వాన ఆలస్యముగ వచ్చినది. విత్తిన పిదప మరల వాన మొగము చాటువేసినచో విత్తనపు ఖర్చు పోవును. విత్తకున్న చేను బీడగును. ఇది నుయ్యి, గొయ్యి. పంట చేతికి వచ్చినపుడు, అప్పిచ్చిన వర్తకునికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసివచ్చిన అది హాబ్సను గుఱ్ఱము. అన్నదమ్ముల గట్టు తగవు తీర్చు పెద్దమనిషిది పాము కప్పల నడిమి స్థితి.

ఈ తేడాతో నిజమైన లాభనష్టములు ముడివడియున్నవి. "రైతు ఎటూ తేల్చుకొనలేక తక్కువకు అమ్మెను" అని అర్జీలో వ్రాసినచో, చదివిన అధికారి అది రైతు తీసికొన్న నిర్ణయమే యనుకొనును. నష్టము అతని తెలివితక్కువ క్రింద జమయగును. "అప్పుకు కట్టుబడి, వేఱొకరికి అమ్మ వీలులేక అమ్మెను" అని వ్రాసినచో విచారణ వర్తకుని వైపు మరలును. ఒక్క మాటతో తప్పు ఒకరి తలనుండి మఱియొకరి తలకు మారుచున్నది.

కావున కలము పట్టినపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఉన్న దారులెన్ని? తక్కిన దారులను మూసినదెవరు? జవాబు దొరికిన పిదప తగిన పలుకుబడి తానే వచ్చును. రాకున్న, జరిగిన సంగతిని ఉన్నదున్నట్లు వ్రాయుడు. సందేహము కలిగినపుడు ఈ గ్రంథాలయపు నిఘంటువులను తెఱచి చూడుడు. అవి వాడుకచే నలిగిననాడే ఈ ఉత్సవమునకు సార్థకత.