'అన్‌ఫిట్' వేరు, పరిహారం వేరు

(గోదావరిఖనిలో గని కార్మిక కుటుంబాల స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బాయిలో కప్పు కూలి మనిషి చనిపోతే కాలనీ అంతా కదులుతుంది. దుమ్ము చంపితే ఎవరూ కదలరు. ఎందుకంటే అది ఒక్కరోజులో చంపదు. బొగ్గుదుమ్మూ, డ్రిల్లింగులో లేచే రాతిదుమ్మూ ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటాయి. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఆయాసమై బయటపడతాయి. అదే న్యూమోకోనియోసిస్. రాతిదుమ్ముతో వస్తే సిలికోసిస్. దాన్ని నయంచేసే మందు లేదు. మనం మాత్రం దమ్ము అనో, టీబీ అనో, బీడీల వల్ల అనో సరిపెట్టుకుంటాం.

సింగరేణిలో జబ్బు అనగానే గుర్తొచ్చేది 'మెడికల్ అన్‌ఫిట్'. 2017లో హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టేశాక, అన్‌ఫిట్ మీద వచ్చే కారుణ్య నియామకమే కుటుంబాలకు పెద్ద ఆశ అయింది. ఆ ఆశ తప్పు కాదు. కానీ ఈయన పని చేయలేడని చెప్పడం వేరు, పని వల్లే ఈయనకు జబ్బు వచ్చిందని ఒప్పుకోవడం వేరు. ఆ రెండోదానికి నష్టపరిహారం హక్కుగా రావాలి. 1923 నాటి పరిహార చట్టంలో కాలక్రమంలో చేరిన ఈ దుమ్ము జబ్బులు, 2020 సామాజిక భద్రతా కోడ్‌ మూడో షెడ్యూలులోనూ వృత్తివ్యాధులుగా ఉన్నాయి.

రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక ఆ జబ్బు కంపెనీది కాదు, భార్యది అవుతుంది. పడుకుంటే ఊపిరాడని మనిషిని రాత్రంతా గోడకు ఆనించి కూర్చోబెట్టేది ఆమె. ఆ చాకిరీ ఏ లెక్కలోకీ రాదు. ఆయన పోయాక కాగితం మీద 'గుండె ఆగింది' అని రాస్తారు. ఎవరి గుండె ఆగకుండా ఉంటుంది? ఆ ఒక్క మాటతో ఆమె హక్కుకు ఆధారం పోతుంది.

1952 గనుల చట్టం డాక్టరు మీద ఒక బాధ్యత పెట్టింది. గనిలో పనిచేస్తున్నవాడికే కాదు, గతంలో పనిచేసినవాడికి ఈ జబ్బు ఉందని అనుమానం వచ్చినా ప్రధాన తనిఖీ అధికారికి రాసి పంపాలి. 2020 వృత్తి భద్రతా కోడ్ 12వ సెక్షన్ కూడా అదే చెబుతోంది.

కాబట్టి ఎక్స్‌రేలు, 1955 నిబంధనల కింద ఐదేళ్ళకోసారి చేసిన పరీక్షల రిపోర్టులు పారేయకండి. ఏ బాయి, ఏ పని, ఎన్నేళ్ళు అన్నది రాసిపెట్టండి. "రిపోర్టు పంపారా?" అని డాక్టర్ను అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రిటైరైన వారికీ ఛాతీ పరీక్షలు జరపాలన్న డిమాండు కార్మిక సంఘాల పత్రాల్లో బోనస్ పక్కనే ఉండాలి. దాన్ని అక్కడ చేర్చవలసింది మనమే.