అడగడం వేరు, దేబిరించడం వేరు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముక్కూ మొహం తెలియని వ్యాపారస్తునికి మొట్టమొదటిసారి ఈ-మెయిలు వ్రాసి, మా సరుకు కొంటారా అని అడగటం ఎట్లా అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. పాటలు, కోలాటాల మధ్య ఈ గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మన కుటుంబాల్లో పచ్చళ్లు, మసాలా పొడులు చేసి అమ్మేవారు ఉన్నారు. ఒకటి రెండు లారీలు పెట్టుకొని సరుకు రవాణా చేసేవారు ఉన్నారు. కంప్యూటరు పనులు చేసిపెట్టే పిల్లలు ఉన్నారు. వారిలో కొందరు తాము వ్రాసిన ఉత్తరాలు పంపే ముందు మాకు చూపించారు. సరుకు బాగుంది, ధర న్యాయంగా ఉంది. ఉత్తరం చదివితే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాల ధోరణిని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: “అయ్యా, మీ అమూల్యమైన కాలాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి. మాది చాలా చిన్న కంపెనీ, ఈ మధ్యనే మొదలుపెట్టాము. దయచేసి ఒక్క అవకాశం ఇప్పించండి. ధర విషయంలో మీరు ఎంత చెబితే అంత. మీ జవాబు కోసం ఎంతో ఆశతో ఎదురుచూస్తుంటాము.”

ఇందులో కొనేవానికి పనికివచ్చే ముక్క ఒక్కటైనా ఉన్నదా? సరుకేమిటో కూడా చెప్పలేదు. ఉన్నదంతా మన అవసరమే.

ఈ భాష మన పిల్లలు కొత్తగా కనిపెట్టినది కాదు. మన ముత్తాతలు, తాతలు ఈ మలయా దేశపు రబ్బరు తోటల్లోనూ, కొబ్బరి తోటల్లోనూ పనిచేసిన రోజుల్లో దొరకు ఏదైనా చెప్పుకోవాలంటే కంగాణీ ముందో కిరాణీ ముందో నిలబడవలసివచ్చేది. అర్జీ అంటే ఇంగ్లీషులో “వేడుకొనుచున్నాను” అని మొదలై “తమ మిక్కిలి విధేయుడైన సేవకుడు” అని ముగిసేది. జీతం, సెలవు, లైనులో ఇల్లు, అన్నీ ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు వారు ఇంకెట్లా వ్రాయగలరు? అది వారి తప్పు కాదు. 1910లో ఒప్పంద కూలీ పద్ధతి పోయింది. 1938లో కంగాణీల ద్వారా మనుషులను తెప్పించడం ఆగిపోయింది. ఆ అర్జీ భాష మాత్రం ఇంకా మన వేళ్ల చివరనే ఉన్నది. ఇప్పుడు కాగితం బదులు ఫోనులో వ్రాస్తున్నాము, అంతే తేడా.

దీనివల్ల వచ్చే నష్టం గౌరవానికి సంబంధించినది మాత్రమే అయితే ఇంత చెప్పవలసిన పని లేదు. నష్టం డబ్బులో కూడా ఉన్నది. కొనేవాడు చెడ్డవాడని కాదు, అతనికి రోజుకు ఎన్నో ఉత్తరాలు వస్తాయి. “ఎంత చెబితే అంత” అని వ్రాసినవాణ్ణి చూడగానే అతనికి రెండు ఆలోచనలు వస్తాయి. వీరికి వేరే గిరాకీ లేదు కాబోలు, నెల నెలా సరుకు సరిగా ఇవ్వగలరా అని ఒకటి. ఇవ్వగలిగితే ఎంత వరకు వంచవచ్చు అని రెండవది. ధర తగ్గించటంతో అది ఆగదు. ముప్పై రోజులకు ఇవ్వవలసిన డబ్బు అరవై రోజులకు, తొంభై రోజులకు పోతుంది. మిరపకాయలు, నూనె మనము రొక్కం పెట్టి కొనాలి, పనివారికి నెలకు జీతం ఇవ్వాలి. చిన్న వ్యాపారం ఆర్డరు లేక పడిపోవడం అందరికీ తెలుసు. ఆర్డరు వచ్చి, డబ్బు రాక పడిపోవడం కూడా ఉన్నది.

మరి ఎట్లా వ్రాయాలి? ఒక ఉదాహరణ తీసుకుందాము. ఈపోలో మామిడికాయ పచ్చడి చేసే ఒక కుటుంబం పినాంగులోని హోటలు కొనుగోలు అధికారికి వ్రాస్తున్నదనుకోండి. ఆయన మొదట అడిగేది మన కష్టసుఖాలు కాదు. హలాల్ పత్రం ఉన్నదా, కంపెనీ రిజిస్టరు అయినదా, డబ్బా ఎంత బరువు, ఎన్ని నెలలు నిలువ ఉంటుంది, ఇంటి దాకా తెచ్చి ఇస్తే ధర ఎంత, ఇవే. కనుక ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“మీ హోటలులో ఉదయం ఫలహారానికి దక్షిణ భారత వంటకాలు వడ్డిస్తున్నట్లు మీ పట్టికలో చూశాము. మేము ఈపోలో మామిడికాయ పచ్చడి తయారుచేస్తాము. జాకిం వారి హలాల్ పత్రం ఉన్నది. 5 కిలోల డబ్బా, తెరవకుండా ఉంచితే 9 నెలలు నిలువ ఉంటుంది. పినాంగుకు ప్రతి మంగళవారం మా బండి వస్తుంది. ధర కింద ఇచ్చాము, 30 రోజుల గడువు. రుచి చూడటానికి ఒక చిన్న సీసా వచ్చే మంగళవారం ఇచ్చి వెళ్లమంటారా? ఇప్పుడు అవసరం లేకపోతే ఆ మాటే వ్రాయండి, చాలును.”

ఈ ఉత్తరంలో గర్వం లేదు, వినయం తక్కువ కాలేదు. అడిగినది ఒక్కటే, అదీ అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పగలిగినది. కాదనే దారి మనమే తెరిచి ఉంచాము. కాదనటానికి దారి లేని ఉత్తరానికి జవాబే రాదు. ఇందులో ఉన్న ప్రతి మాటా నిజమై ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. పత్రం రాకముందే ఉన్నదని వ్రాసినవారితో మాకు పని లేదు.

గౌరవం మాట వచ్చింది కనుక ఒక సంగతి. దాతో గారిని దాతో అనే వ్రాయాలి, ఎన్చిక్, పువాన్ అనవలసిన చోట అనాలి. అది ఈ దేశపు మర్యాద, దానికీ దేబిరించడానికీ సంబంధం లేదు. ఆయన హోటలును ఇంద్రభవనమని పొగడటం మాత్రం వద్దు. అతివినయం ధూర్తలక్షణం అని మనవారు ఊరకే అనలేదు. ఎదుటివాడు తెలుగువాడైతే “బాబాయిగారూ, మనవాళ్లము కదా” అని మొదలుపెట్టేవారు ఉన్నారు. పెళ్లిలో కనబడితే తప్పక బాబాయిగారనే పిలవండి. ఆఫీసుకు వ్రాసే ఉత్తరంలో మాత్రం నిలువ ఎన్ని నెలలో ముందు చెప్పండి.

జవాబు రాకపోతే ఏమి చేయాలన్నది అసలు చిక్కు. రెండవ రోజే “నా ఉత్తరం చూశారా?” అని వ్రాస్తారు, నాలుగవ రోజు మళ్లీ. వారం పది రోజులు ఆగి, ఒక కొత్త సంగతి ఉంటే దానితో వ్రాయండి. చిన్న డబ్బా వచ్చిందనో, ధర మారిందనో. ఆ తరువాత ఇంకొక్కసారి, అంతే. “ఇక మీ ఫైలు మూసివేయమంటారా?” అని బెదిరించినట్లు వ్రాసే పద్ధతి ఒకటి వచ్చింది. మాకది నచ్చదు. అది కూడా దేబిరించడమే, కాకపోతే కోపం వేషం వేసుకున్నది. వద్దన్నవానికి మళ్లీ వ్రాయకండి. 2010 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, తన వివరాలను అమ్మకపు ప్రచారానికి వాడవద్దని ఎవరైనా వ్రాతమూలంగా కోరవచ్చు. కోరితే మానుకోవాలి.

పంచాంగం కూడా చూసుకోండి. కెడా, కెలాంతన్, తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. జొహోరులో 2025 నుంచి మళ్లీ శని, ఆదివారాలు అయినవి. హరి రాయకు ముందు వారం వ్రాసి, జవాబు రాలేదని దిగులుపడటంలో అర్థం లేదు.

దిగులు అన్నాము కదా, దానికి మూలం మాటల్లో లేదు. ఒకే ఒక్క హోటలుకు వ్రాసి, ఆ జవాబు మీదే ఇంటి ఖర్చంతా ఆనించి కూర్చున్నవాడు ఎంత నేర్పుగా వ్రాసినా ఆ ఆత్రం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అడుక్కుతినేవానికి అరవై ఊళ్లు అని సామెత. వెక్కిరింతగా అంటారు గాని, అందులో వ్యాపారం ఉన్నది. అరవై ఊళ్లు ఉన్నవాడు ఒక గడప దగ్గర లేదంటే అక్కడే కూలబడడు. మన పిల్లలు ఒక పుస్తకంలో అరవై పేర్లు వ్రాసుకొని, ఒక్కొక్కరి గురించి పది నిమిషాలు తెలుసుకొని, వారానికి అయిదారుగురికి వ్రాస్తే, ఏ ఒక్కరి మౌనమూ అంత బరువుగా ఉండదు. అరవై మందికీ ఒకే ఉత్తరం ఒకేసారి పంపితే మాత్రం అది చెత్తబుట్టలోకే పోతుంది.

మేము భోజనాల తరువాత అటు పక్క బల్ల దగ్గర ఉంటాము. వ్రాసిన ఉత్తరాలు ఫోనులో ఉంటే తెచ్చి చూపించండి. ధరల పట్టిక కూడా తెచ్చుకోండి, అది లేకుండా ఉత్తరం గురించి మాట్లాడటం కష్టం.