మోటారు లాగెడు మోకు



మోట తోలిన పెద్దలకు ఈ సంగతి తెలియును. బాన బావిగోడకు తట్టుకొన్నచో ఎద్దులు తమంతట నిలిచిపోవును. పూడిక తీయుటకు నేడు బావులపై నిలుపుచున్న మోటారు వించికి అట్టి యెఱుక లేదు. మీట తిప్పువఱకు అది లాగుచునే యుండును. తెగునది మోకు; క్రింద నుండువాడు కూలివాడు. కావున చేతితో చేదుకొను త్రాటిని మోటారునకు కట్టుట తగదు.

కొబ్బరిపీచు త్రాడు చేతికి మంచి పట్టు నిచ్చును. కాని తడిసి ఆఱుచు లోలోపల చివుకును. పైకి గట్టిగానే కనిపించును. నైలాను మోకు బలము గలదే, అయినను సాగును. సాగిన మోకు తెగినప్పుడు కొరడావలె వెనుకకు కొట్టును. ఓడరేవులలో ఆ దెబ్బకు ప్రాణములు పోయినవి. పాలీప్రొపిలీను త్రాడు చవుక. ఎండకు పెళుసగును, తిరుగు డ్రమ్ముపై జారినచో ఒరిపిడి వేడికి కరగును.

ఇక మిగిలినది ఉక్కుతీగల మోకు. 1834లో జర్మనీ దేశపు హార్ట్స్ పర్వతముల గనులలో విల్హెల్మ్ ఆల్బర్ట్ అను అధికారి దీనిని వాడుకకు తెచ్చెను. అంతకు పూర్వమచట నార మోకులు, గొలుసులు ఉండెడివి. గొలుసున ఒక్క లంకె విరిగినచో బరువంతయు పడిపోవును. తీగమోకున ఒక తీగ తెగినను తక్కినవి భారము మోయును. తెగిన మొనలు ముందుగానే కంటికి కనబడును. దీని గొప్పతనమంతయు ఈ హెచ్చరికలోనే యున్నది.

అంగడిలో ఆఱు పేటల మోకు రెండు విధములుగా దొరకును. పేటకు 19 తీగలున్నది రాపిడికి ఓర్చును. 37 తీగలున్నది సులువుగా వంగును. చిన్న డ్రమ్మునకు రెండవదే తగును. అయినను గిలక అడ్డుకొలత మోకు లావునకు 18 రెట్లకు తగ్గరాదు. అనగా 10 మిల్లీమీటర్ల మోకునకు 18 సెంటీమీటర్ల గిలక వలయును. పెద్దదైన కొలది మేలు.

200 కిలోల మన్నుతొట్టి నెత్తు మోకు 1,000 కిలోలకైనను తెగరాదు. మనుష్యుని దింపుచో ఐదు రెట్లు చాలవు, పది రెట్లు ఉండవలెను. మన్నెత్తు తొట్టిలో మనిషి ఎక్కకుండుటే మంచిది.

మోకునకు ముడి వేయరాదు. ముడి దాని బలమును సగము హరించును. తొట్టి అడుగునకు దిగినప్పుడును డ్రమ్ముపై మూడు చుట్లు మిగిలి యుండవలెను. పేట ఒక్క చుట్టు తిరుగు పొడవులో ఆఱు తీగలు గాని, ఒకే పేటలో మూడు గాని తెగియున్నచో మోకును తీసివేయవలెను. తీసివేసిన దానిని కొట్టములో చుట్టి దాచరాదు, ముక్కలుగా కోయవలెను. లేకున్న మరుసటి వేసవిలో ఎవరో యొకరు దానినే మరల వించికి కట్టుదురు.