ఇంట్లో కట్టిన విమానానికి తుది మెరుగు



హోసూరు, కృష్ణగిరి, కోలారు పక్క మన తెలుగువాళ్లలో ఫైబర్‌గ్లాస్ తెలియనివారు తక్కువ. నీళ్ల తొట్టి, బస్సు ముందుభాగం, కుర్చీ, ఇలా ఎన్నో వస్తువులు దానితో చేసినవే. గాజుదారంతో నేసిన గుడ్డను అచ్చులో పరిచి, రెజిన్ పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తే వచ్చే వస్తువు అది. నేను ఆ పనిలోనే ముప్పై ఏళ్లు ఉన్నాను. ఇంట్లో కట్టుకునే విమానంలో ఫైబర్‌గ్లాస్ భాగాలకు తుది మెరుగు ఎలా దిద్దుతారో ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను. ఇంట్లో విమానమా అని నవ్వుకోకండి. మొదట నేనూ నవ్వినవాణ్నే.

అమెరికాలో మనిషి తన విమానం తానే కట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. షరతు ఏమిటంటే, నిర్మాణంలో సగానికి పైగా పని నేర్చుకోవడానికో, సరదాకో చేసేవాళ్ల చేతిమీదుగా జరగాలి. ఆపైన తనిఖీ, కొన్ని గంటల పరీక్షా ప్రయాణం ఉంటాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ పట్టణంలో ఏటా వేసవిలో జరిగే విమానాల తిరునాళ్లకు ఇలాంటివి వందల కొద్దీ వచ్చి వాలతాయి.

ఈ ఇంటి విమానాల్లోకి ఫైబర్‌గ్లాస్‌ను పెద్ద ఎత్తున తెచ్చిన వారిలో బర్ట్ రుటాన్ ముఖ్యుడు. 1975లో ఎగిరిన వారీ-ఈజీ, 1979లో ఎగిరిన లాంగ్-ఈజీ ఆయన రూపకల్పనలే. నురుగు దిమ్మను వేడితీగతో రెక్క ఆకారంలో కోసి, దాని మీదే గాజుగుడ్డనూ ఎపాక్సీనీ పరిచే పద్ధతి అది. అచ్చు అక్కరలేదు. అచ్చు లేదు కాబట్టి పైభాగం నున్నగా రాదు. ఆ నునుపు మనిషి చేతితో రావలసిందే.

ఈ కథకు మన ప్రాంతంతో చుట్టరికం కూడా ఉంది. ఆ లాంగ్-ఈజీ ఆధారంగానే బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారు ఒక చిన్న ప్రయోగ విమానాన్ని 1987లో ఎగరేశారు. 1993లో వారిదే హంస ఎగిరింది. దాని ఒళ్లంతా ఫైబర్‌గ్లాసే. తర్వాత హంస-3 విమానాలు మన హోసూరులోనే తయారయ్యాయి.

ఇక నా సంగతి. మా మేనల్లుడు విస్కాన్సిన్‌లో ఉద్యోగం చేస్తూ, కారు పెట్టుకునే షెడ్డులో రెండు సీట్ల విమానం కట్టుకున్నాడు. దాని ఒళ్లు అల్యూమినియం. ఇంజను మీది మూత, రెక్కల కొసలు, చక్రాల తొడుగులు, చుక్కాని కింది ముక్క మాత్రం ఫైబర్‌గ్లాస్. చూడడానికి వెళ్లిన నేను, ఈ పని నాకు వదిలెయ్యరా, నాలుగు రోజుల్లో అద్దంలా చేసిస్తానన్నాను.

బస్సులకు చేసినట్టే చేశాను. కారు సొట్టలకు పెట్టే పుట్టీ తెచ్చి, చుక్కాని ముక్కకు మందంగా పట్టించి, ఉప్పుకాగితంతో రుద్ది, సాయంత్రానికి తళతళలాడించాను. వాడు దాన్ని వంటింటి తక్కెట్లో పెట్టాడు. అంతకుముందు రాసుకున్న అంకె పక్కన కొత్త అంకె రాశాడు. పావుకేజీకి పైగా పెరిగింది. “మామా, ఇది తీసెయ్యాలి” అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం. ముప్పై ఏళ్ల పనివాణ్ని, నాకే చెబుతాడా అనుకున్నాను.

వాడు చెప్పిన కారణం మీకూ చెబుతాను. చుక్కాని, ఎలివేటరు వంటి కదిలే భాగాలు మడతబందు మీద తిరుగుతాయి. మడతబందుకు ముందు సీసం బరువు పెట్టి, వెనుక బరువును తూచి సరిచేస్తారు. పుట్టీ గాని రంగు గాని వెనుక ఎక్కువైతే ఆ తూకం చెడుతుంది. గాలివానలో గొళ్లెం వేయని తలుపు ఎలా కొట్టుకుంటుందో, వేగం హెచ్చినప్పుడు ఆ భాగం అలా అదరడం మొదలుపెడుతుంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. అది క్షణాల్లో పెరిగి తోకనే విరిచెయ్యగలదు. అందుకే రంగు వేశాక కూడా తూకం మళ్లీ చూడాలి. బస్సుకు పావుకేజీ పుట్టీ లెక్కలోది కాదు. ఇక్కడ అది మా వాడి ప్రాణం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి లేచి నా పుట్టీ నేనే గీకేశాను. తర్వాత వాడి పద్ధతిలో చేశాం. ఆ వరుస ఇది.

మొదట కడగడం. అచ్చులోంచి వచ్చిన ముక్క మీద మైనం ఉంటుంది. కడగకుండా రుద్దితే ఆ మైనం గీతల్లోకి దిగుతుంది. పైన వేసిన రంగు తర్వాత పెచ్చులుగా లేస్తుంది. ఎపాక్సీ పూతల మధ్యన కూడా, తేమ రోజుల్లో పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, తుడిచి, ఆ తర్వాతే రుద్దాలి.

రెండవది సూదిమొన రంధ్రాలు. ఇంజను మూతకు ఇవి వందల్లో ఉంటాయి. కంటికి కనిపించవు, ప్రైమరు వేశాక బయటపడతాయి. ఉత్త ఎపాక్సీని పలచగా పోసి, రబ్బరు పలకతో గట్టిగా ఒత్తి గీస్తే రంధ్రాల్లోకి దిగుతుంది. మిగిలింది గీకెయ్యాలి.

మూడవది పల్లాలు పూడ్చడం. దీనికి ఎపాక్సీలో మైక్రోబెలూన్లు కలుపుతారు. ఇవి పిండిలా కనిపించే బోలు గాజుగోళీలు. లోపల ఖాళీ కాబట్టి ముద్ద పెద్దదైనా బరువు తక్కువ, రుద్దడమూ సులభం. కాని దీనికి బలం లేదు. రెండు ముక్కలను అతికే చోట ఇది పనికిరాదు. అక్కడ నూలుపీచు కలిపిన ఎపాక్సీయే వాడాలి. ఇంకొక మాట. పాలిస్టరు రెజిన్‌లో గట్టిపడే మందు కాస్త పెంచితే త్వరగా గడ్డకడుతుంది. ఎపాక్సీ అలా కాదు. కొలత తప్పితే ఎన్నాళ్లైనా మెత్తగానే ఉంటుంది.

నాలుగవది రుద్దడం. మేస్త్రి గోడ గార మీద పొడుగు బద్ద లాగుతాడు గదా. చిన్న చెక్కతో లాగితే గోడ అలలు పోతుంది. ఇదీ అంతే. పొడుగు పలకకు 80 నంబరు ఉప్పుకాగితం అంటించి, ఏటవాలుగా ఒకసారి అటు, ఒకసారి ఇటు రుద్దాలి. ముందుగా నల్లరంగు పొగలా చిమ్మితే, రుద్దాక పల్లాల్లో నలుపు మిగిలి ఎక్కడ పూడ్చాలో చూపిస్తుంది. గాజుగుడ్డ నేత కనబడగానే చెయ్యి ఆపాలి. ఇంకా రుద్దితే కోసేది పుట్టీని కాదు, బలాన్ని. ఆపైన నంబరు పెంచుకుంటూ 320 దాకా వెళ్లి ప్రైమరు వెయ్యాలి.

చివరిది రంగు. ఎండకు ఎపాక్సీ చెడుతుంది కాబట్టి కప్పక తప్పదు. ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్ అయిన విమానాలకు ఎక్కువగా తెలుపే వేస్తారు. ముదురు రంగు ఎండను తాగి వేడెక్కితే ఎపాక్సీ మెత్తబడి బలం తగ్గుతుంది.

మరొక ముఖ్యమైన సంగతి. మా వాడు రుద్దేముందు ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకునేవాడు. నాకూ ఇచ్చాడు. నేను పని నేర్చుకున్న షెడ్డులో మాకు తువ్వాలు కూడా ఇచ్చినవారు లేరు. ఆ గాజుదుమ్ము మింగుతూ పెరిగాం. ఈనాటికీ తెల్లవారుజామున దగ్గు నన్ను లేపుతుంది. ఎపాక్సీ కూడా చర్మానికి తగులుతూ పోతే, ఒకనాడు ఒంటికి పడకుండా పోతుంది. ఆ తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే, జన్మంతా అదే గతి. నాతో పనిచేసిన ఒకతను అలా ఈ పనే మానుకున్నాడు. ఫైబరు షెడ్లలో పనిచేసే తమ్ముళ్లారా, మాస్కు అడగండి. ఇవ్వకపోతే కొనుక్కోండి. వీలైనచోట తడిపి రుద్దండి. ఆ బట్టలతో ఇంటికి పోయి బిడ్డల్ని ఎత్తుకోకండి.

నాలుగు రోజులన్న పని ఏడు వారాలు పట్టింది. నేను తిరిగి వచ్చాక ఆ విమానం ఎగిరింది. ఫోటో పంపాడు. ఇంజను మూత ఎడమ పక్కన చిన్న అల ఒకటి మిగిలి ఉంది. పూడ్చుదామా అని ఆనాడు అడిగాను. వాడు తక్కెడ వైపు చూశాడు. వద్దులే అన్నాను నేనే.