రైలుంటే చాలదు

సుమ్మాదేవి, పలాసల్లో రైలెక్కి హైదరాబాదుకు వలస వెళ్లే ఉద్దానం ఆడవాళ్లకు ఆ నగరపు రైళ్లు ఎంతవరకు అందుతున్నాయి?

2003లో ఎంఎంటీఎస్ వచ్చింది. టికెట్ చవకే. కానీ ఒకటి తప్పిపోతే మరో రైలుకు చాలాసేపు కాచుకోవాలి. అంతలో పని పోతుంది. 2017లో వచ్చిన మెట్రో కొద్ది నిమిషాలకొకటి. కానీ ఛార్జీ ఎక్కువ. 2025 మేలో ఇంకా పెంచారు. తెలంగాణలో 2023 డిసెంబరులో మొదలైన ఉచిత బస్సు ఆ రాష్ట్ర స్త్రీలకే. శ్రీకాకుళం ఆధార్ చూపితే టికెట్ కొనాల్సిందే.

రైలు వెంటవెంటనే రావాలి. ఛార్జీ కూలికి అందాలి. రాత్రి స్టేషన్ నుంచి ఇంటిదాకా దీపాలు, బస్సు ఉండాలి. ఏ ఒక్కటి లేకున్నా పేద స్త్రీకి రైలు లేనట్టే. విశాఖ మెట్రో విషయంలో ఈ మూడింటినీ మనం ముందే అడగాలి. పనికి చేరే దారి లేకుండా పనిహక్కు లేదు.